విమానంలో డ్యూటీ చేస్తుంటే కడుపులో తిప్పుతోందా? ఇలా చేయండి

ప్రయాణికులకు వికారం వస్తే సీట్లో వెనక్కి వాలి కళ్లు మూసుకుంటారు. క్యాబిన్ సిబ్బందికి, పైనుంచి ఫొటోలు తీసే సర్వే బృందాలకు, ఎయిర్ అంబులెన్సులో రోగిని చూసుకునే నర్సులకు ఆ వీలుండదు. కాబట్టి వాంతి దాకా రానివ్వకుండా ముందే అడ్డుకోవాలి.

విమానం ఊగుతోందని లోపలి చెవి కనిపెడుతుంది. ఎదురుగా కదలని గోడనో ల్యాప్‌టాప్ తెరనో చూస్తున్న కళ్లకు మాత్రం ఆ ఊపు తెలియదు. ఈ రెండింటికీ పొంతన కుదరకపోవడం వల్లే వికారం. లోపలి చెవి పూర్తిగా దెబ్బతిన్నవాళ్లకు ఈ బాధ దాదాపు ఉండదు. అంటే ఇది పిరికితనం కానే కాదు, దయచేసి సిగ్గుపడి దాచుకోకండి.

1. ముందు రాత్రి కంటినిండా నిద్రపోండి, మద్యం జోలికి వెళ్లొద్దు. ఖాళీ కడుపుతోనూ, నూనె పదార్థాలతో కడుపు నింపుకొనీ విమానం ఎక్కొద్దు. తేలిగ్గా కొంచెం తినండి.

2. మాత్రల విషయంలో సొంత వైద్యం వద్దు. డైమెన్‌హైడ్రినేట్, మెక్లిజిన్, ప్రొమెథజిన్ వంటివి మగత తెస్తాయి. చెవి వెనక అంటించే స్కోపొలమైన్ ప్యాచ్ పనిచేయాలంటే కనీసం 4 గంటల ముందు పెట్టుకోవాలి, దానివల్ల చూపు మసకబారవచ్చు. ప్రయాణికుల భద్రత మీ చేతుల్లో ఉన్నప్పుడు ఇది చిన్న సంగతి కాదు. విమానయాన వైద్యుడు సరేనన్నాకే, అదీ మొదట సెలవు రోజున ఇంటి దగ్గర వేసుకుని చూడండి.

3. వీలైతే రెక్కల దగ్గర కూర్చోండి, ఊపు అక్కడే తక్కువ. తోక వైపు గ్యాలీలో (విమానంలో ఆహారం సిద్ధం చేసే చోట) పని పడితే కుదుపులు మొదలవకముందే వంగి చేసే పనులు ముగించండి.

4. అన్నిటికన్నా ముఖ్యం, తొలి సంకేతాలను పట్టుకోవడం. వరుస ఆవులింతలు, నోట్లో నీళ్లూరడం, చల్లటి చెమట, ముఖం పాలిపోవడం. ‘ఈ ఒక్క పనీ అయ్యాక చూద్దాం’ అనుకుంటే చేయి దాటిపోతుంది. వెంటనే తల సీటుకు ఆనించి కదపకుండా ఉంచండి. కిటికీలోంచి దూరాన నింగీ నేలా కలిసే గీతను చూడండి. చల్లగాలి ముఖానికి తగలనిచ్చి, నెమ్మదిగా లెక్కపెడుతూ ఊపిరి తీసి వదలండి. విమానం మలుపు తిరుగుతున్నప్పుడు తల వంచడం, గబుక్కున పక్కకు తిప్పడం బాగా ఇబ్బంది పెడతాయి. కెమెరాలోకి చూస్తూ పనిచేసేవాళ్లు అప్పుడు చూపు మళ్లించి బయటికి చూడాలి.

5. వాంతి సంచి జేబులో ఉంచుకోండి. తోటి ఉద్యోగికి ముందే చెప్పండి, కాసేపు మీ పని అందుకుంటారు.

తరచూ ఎగురుతుంటే చాలామందికి శరీరమే అలవాటుపడుతుంది. వైమానిక దళాల్లో తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి కొద్దికొద్దిగా అలవాటు చేయించే పద్ధతి కూడా ఉంది. ఎక్కువ రోజులు సెలవు పెడితే ఆ అలవాటు తగ్గవచ్చు, తిరిగొచ్చాక మొదటి డ్యూటీల్లో మళ్లీ జాగ్రత్త పడండి. నేలమీద కూడా కళ్లు తిరుగుతున్నా, చెవిలో హోరు వినిపిస్తున్నా, వినికిడి తగ్గినా అది ప్రయాణపు వికారం కాకపోవచ్చు. చెవి వైద్యుడికి చూపించుకున్నాకే మళ్లీ డ్యూటీకి వెళ్లండి.