ఒకినావాలో 32వ సైన్యం దారిని ఎలా చూడాలి

ఒకినావా వెళ్లే మనవాళ్లు చాలామంది షురి కోట దగ్గర ఫొటోలు దిగి, అక్వేరియం చూసి, బీచ్‌లో ఓ పూట గడిపి వచ్చేస్తారు. నేను యోకోహామాలో ఉంటాను. తెలిసినవాళ్లు ఎవరు ఒకినావా బయల్దేరినా ఒకటే చెబుతాను: ఒకటిన్నర రోజు పక్కన పెట్టుకుని, రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1945లో, అమెరికన్ల దాడికి జపాన్ 32వ సైన్యం వెనక్కి జరిగిన దారిలోనే ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్లండి. బస్ టూర్లు నేరుగా దక్షిణాన మబునికి తీసుకెళ్లి స్మారకాలు చూపిస్తాయి. అంతమంది ఊరి జనం అక్కడికి ఎలా చేరారో, ఎందుకు చనిపోయారో తెలియాలంటే మాత్రం వరుస తప్పకూడదు.

వెళ్లేముందు కాస్త చదువుకోండి. ఈ సైన్యం 1944 మార్చిలో ఏర్పడింది. అదే ఏడాది ఆగస్టులో ఉషిజిమా మిత్సురు కమాండర్‌గా వచ్చాడు. చీఫ్ ఆఫ్ స్టాఫ్ చో ఇసాము, యుద్ధ ప్రణాళిక కర్నల్ యహారా హిరోమిచిది. ఆ ఏడాది చివర్లో వాళ్ల దగ్గరున్న 9వ డివిజన్‌ను తైవాన్‌కు తరలించమని పైనుంచి ఆదేశం వచ్చింది. దాంతో తీరాన్ని, విమానాశ్రయాలను కాపాడే ఆలోచన మానేసి, షురి చుట్టూ గుట్టల్లో సొరంగాలు తవ్వుకుని కూర్చున్నారు. ఖాళీలు పూరించడానికి స్థానిక మగవాళ్లను, బడి పిల్లలను కూడా లాగారు. గెలుస్తామని కాదు, జపాన్ ప్రధాన భూభాగం మీద దాడిని ఎన్ని రోజులైతే అన్ని రోజులు ఆలస్యం చేయాలని. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే ముందు చూడబోయేదంతా అర్థమవుతుంది.

మొదట గినోవాన్‌లోని కకజు తకదాయ్ పార్కుకు వెళ్లండి. యుయ్ రైల్ (ఒకినావా ప్రధాన నగరం నాహా మోనోరైల్) చివరి స్టేషన్ తెదాకో-ఉరానిషిలో దిగి టాక్సీ పట్టుకోవడం తేలిక. పైన వ్యూ టవర్ ఎక్కితే ఎదురుగా ఫుతెన్మా అమెరికన్ ఎయిర్‌బేస్, దాని అవతల పడమటి తీరం. ఏప్రిల్ 1న అమెరికన్లు దాదాపు ఎదురే లేకుండా దిగింది ఆ వైపే. కిందికి దిగి గుట్ట రెండో వైపుకు వెళ్లండి. జపాన్ సైనికులు ఎక్కువగా దాక్కున్నది ఈ వెనక వాలులోనే. శత్రువు శిఖరం దాటాకే కాల్చేవారు. ఏప్రిల్ 19న ఇటు వచ్చిన 30 అమెరికన్ ట్యాంకుల్లో 22 పోయాయి. పార్కులోనే ఒక కాంక్రీటు కాల్పుల గది మిగిలి ఉంది. దాని కన్నం ముందు వంగి చూడండి. లోపల మనిషి నిటారుగా నిలబడే చోటు కూడా ఉన్నట్టు కనిపించదు.

అక్కడి నుంచి ఉరసోయె కోట శిథిలాల దగ్గర మాయెదా కొండ, ఒమోరోమాచిలో షాపింగ్ కాంప్లెక్స్‌ల మధ్య నీళ్ల ట్యాంకు ఉన్న షుగర్ లోఫ్ గుట్ట. రెండూ షురి ముందు గట్టిగా పోరాడిన చోట్లే. యుయ్ రైల్ దారిలోనే ఉన్నాయి, తొందరగా అయిపోతాయి.

షురిలో తొందరపడకండి. కోట కింద సైన్యం ప్రధాన కార్యాలయంగా తవ్విన సొరంగం సుమారు ఒక కిలోమీటరు ఉంటుంది. లోపలికి వెళ్లనివ్వరు. వివరాల బోర్డు మాత్రం ఉంది. 2012లో ఆ బోర్డు పెట్టేటప్పుడు సైన్యం లైంగికంగా వాడుకున్న మహిళల ప్రస్తావన, సైనికులు స్థానికులను చంపిన ప్రస్తావన తీసేశారని పెద్ద గొడవ జరిగింది. అందుకే బోర్డు ఒక్కటే చదివి సరిపెట్టుకోవద్దని అంటాను. ఒకినావా భాషలో మాట్లాడేవాళ్లను గూఢచారులుగా చూడమని ఇదే సైన్యం ఆదేశం ఇచ్చింది.

మే నెలాఖరులో అసలైన నిర్ణయం ఇక్కడే జరిగింది. ఆఖరిదాకా షురిలోనే పోరాడాలా, దక్షిణానికి తప్పుకోవాలా? అప్పటికే దక్షిణాన దాదాపు లక్ష మంది జనం గుహల్లో తలదాచుకున్నారు. ఆ జనం మధ్యకు సుమారు 30 వేల మంది సైనికులను తరలించారు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. సైన్యం అనుకున్నట్టే యుద్ధం ఇంకొన్ని వారాలు సాగింది. ఆ వారాలకు మూల్యం కట్టింది మాత్రం ఊరివాళ్లు.

తర్వాత హాయెబరులో ఆర్మీ హాస్పిటల్ 20వ నంబర్ సొరంగం చూడాలి. ముందే బుక్ చేసుకుని వెళ్లండి. హెల్మెట్, టార్చి ఇచ్చి గైడ్ వెంట పంపుతారు. వెడల్పు 1.8 మీటర్లు, ఎత్తూ అంతే. టార్చి పక్కకు తిప్పితే గోడ మీద గునపం దెబ్బలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. ఆ వెడల్పులో ఒక పక్క మంచాలు, పక్కనే నడిచే దారి. హిమెయురి విద్యార్థినులు, అంటే సైన్యం నర్సు పనికి లాగిన హైస్కూలు వయసు ఆడపిల్లలు, ఇలాంటి సొరంగాల్లో సైనికుల గాయాల్లోంచి పురుగులు ఏరారు. సైన్యం వెళ్లిపోయేటప్పుడు నడవలేని రోగులకు పాలల్లో సయనైడ్ కలిపి ఇచ్చారు. గైడ్ ఒక్క నిమిషం టార్చీలు ఆర్పమంటే ఆర్పండి, ఫోన్ వెలుగు కూడా వద్దు.

రెండో రోజు మబుని. నాహా టెర్మినల్‌లో 89 నంబర్ బస్సెక్కి ఇతోమాన్‌లో దిగి, 82కి మారాలి. 82 బస్సులు తక్కువ కాబట్టి తిరుగు టైమ్ దిగగానే ఫొటో తీసి పెట్టుకోండి, లేకపోతే సాయంత్రం టెన్షన్. అక్కడ 1995లో పెట్టిన రాతి పలకల మీద యుద్ధంలో చనిపోయినవాళ్ల పేర్లు 2,40,000కు పైగా ఉన్నాయి. ఏ దేశం, ఏ పక్షం అని చూడకుండా అందరివీ చెక్కారు. ఒకినావా పలకలు ఊళ్లవారీగా ఉంటాయి, వాటి దగ్గరే ఎక్కువసేపు గడపండి. కొన్నిచోట్ల పేరే ఉండదు, ఫలానా ఆయన పెద్ద కొడుకు అని మాత్రమే ఉంటుంది. పేరు చెప్పడానికి కూడా ఎవరూ మిగలని పిల్లలు వాళ్లు. ఒకినావా ప్రభుత్వ లెక్క ప్రకారం ఒక్క ఒకినావా పోరులోనే చనిపోయినవాళ్లు 2 లక్షలకు పైనే, అందులో 1,22,228 మంది ఒకినావా వాళ్లు.

వెనక కొండ మెట్లెక్కితే ఉషిజిమా, చో ఆత్మహత్య చేసుకున్న గుహ ఉంది. చివరిదాకా పోరాడమని కింది వాళ్లకు ఆదేశం ఇచ్చిపెట్టి వాళ్లు పోయారు. వాళ్లు పోయిన రోజుగా చెప్పే జూన్ 23ను స్మారక దినంగా పాటిస్తారు. ఆ రోజు వెళ్తే కుటుంబాలు పలకల ముందు పూలు, తినేవి పెట్టి కూర్చుని ఉంటాయి, వాళ్ల ఫొటోలు తీయకండి.

దారిలో కనిపించే గుహల్లోకి గైడ్ లేకుండా దిగకండి. ఇప్పటికీ ఎముకలు, పేలని గుండ్లు బయటపడుతున్నాయి, విషమున్న హబు పాములు కూడా ఉంటాయి. టైమ్ తక్కువైతే మాయెదా, ఒమోరోమాచి వదిలేయండి. హాయెబరు మాత్రం వదలొద్దు.