ఇంటి సీఎన్‌సీ టేబుల్‌పై ప్లాస్మా కోత: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

కంప్యూటర్ ఫైలు ప్రకారం టార్చిని నడిపే సీఎన్‌సీ టేబుల్ మీద కనిపించే తిప్పలు చాలావరకు ప్లాస్మా కట్టర్ (కరెంటు ఆర్క్, గాలి జెట్‌తో లోహాన్ని కరిగించి కోసే మిషన్) కొన్న రోజే ఖాయమైపోతాయి. టిప్పులు మార్చి, స్పీడు మార్చి విసిగిపోయే ముందు చేతిలో ఉన్న మిషన్ ఏ రకమో చూడాలి. హనుమకొండలోనో కాజీపేటలోనో ఇంటి వెనక షెడ్డులో 4×4 అడుగుల టేబుల్ కట్టుకుని, కట్టర్ ఇంకా కొననివాళ్లు కింది సమస్యలన్నీ ముందే చదువుకుంటే ఏ మిషన్ వద్దో తేలిపోతుంది.

టార్చి వెలగగానే కంప్యూటర్ ఆగిపోతోంది, లేదా టార్చి దారి తప్పుతోంది

ముందు కట్టర్ ఆపేసి అదే ఫైలును ఉత్తగా నడిపించండి. చివరిదాకా సాఫీగా నడిచి, స్పార్క్ వచ్చినప్పుడే ఆగుతోందంటే తప్పు ఫైలుది కాదు, మోటార్లదీ కాదు. మిషన్ హెచ్‌ఎఫ్ స్టార్ట్ రకం. అది ఆర్క్ వెలిగించడానికి వేల వోల్టుల హై ఫ్రీక్వెన్సీ స్పార్క్ పుట్టిస్తుంది. ఆ అలజడి మోటారు కేబుళ్లలోకి, యూఎస్‌బీ వైరులోకి దూరుతుంది. చవకగా దొరికే కట్-40, కట్-50 మిషన్లలో చాలావాటికి ఇదే పద్ధతి.

ఉన్న మిషన్‌తోనే నెట్టుకురావాలంటే టార్చి కేబుల్‌ను మోటారు కేబుళ్లకు కనీసం ఒక అడుగు దూరంగా నడపండి. షీల్డ్ కేబుల్ వాడి, షీల్డును ఒక్క చివరే ఎర్త్ చేయండి. టేబుల్‌కు విడిగా ఎర్త్ రాడ్ దింపండి. కట్టర్ ఎర్త్ క్లాంపును టేబుల్ కాళ్లకు కాకుండా కోసే ప్లేటుకే పెట్టండి. యూఎస్‌బీకి బదులు ఈథర్నెట్ కంట్రోలర్ ఉంటే మేలు. ఇవన్నీ చేసినా నూరు శాతం నమ్మకం ఉండదు.

అసలు మందు బ్లోబ్యాక్ స్టార్ట్ మిషన్. అందులో ఎలక్ట్రోడ్ (టార్చి లోపలి కరెంటు మొన), నాజిల్ (దాని ముందుండే రంధ్రమున్న టిప్పు) ఒకదానికొకటి ఆని ఉంటాయి. గాలి ఒత్తిడికి విడిపోయేటప్పుడు పైలట్ ఆర్క్ (ప్లేటును తాకకుండానే వెలిగే మొదటి చిన్న ఆర్క్) పుడుతుంది. షాపులో గుర్తుపట్టడం తేలికే. ప్లగ్గు తీసేసి టార్చి కప్పు విప్పి వేలితో నొక్కితే ఎలక్ట్రోడో, దాని వెనక పిన్నో స్ప్రింగు మీద కదలాలి. పైలట్ ఆర్క్ అసలే లేకుండా ప్లేటుకు ఆనించి వెలిగించే మిషన్ ఎంత చవకగా వచ్చినా టేబుల్‌కు తీసుకోకండి. టార్చి కూడా చేతి పిడి ఉన్నది కాకుండా నిటారుగా ఉండే మిషన్ టార్చే కావాలి.

నాజిల్ గంట కూడా నిలవడం లేదు

పాడైన నాజిల్ పారేయకండి, వెలుగులో పెట్టి చూడండి. బయటి ముఖం మీద ఇనుప బొట్లు అతుక్కుని, రంధ్రం కోలగా అయిందంటే చిల్లు వేసేటప్పుడు టార్చి మరీ దగ్గరగా ఉంది. ఎగిరిన ఇనుము వచ్చి నాజిల్‌కే తగిలింది. 45 యాంపుల మిషన్‌కు కోత ఎత్తు సుమారు 1.5 ఎంఎం అయితే చిల్లు ఎత్తు 3.8 ఎంఎం దాకా ఉండాలి. చిల్లు పూర్తిగా పడ్డాకే కిందికి దిగి కదలాలి.

లోపల నల్లగా మాడి, గరుకుగా ఉంటే గాలిలో నీళ్లున్నాయి. మన దగ్గర ఆషాఢం నుంచి దసరా దాకా ఇదే బాధ. పరీక్ష ఇలా: ఆర్క్ లేకుండా గాలి మాత్రమే వదిలే సెట్టింగులో టార్చి కింద చిన్న అద్దం ముక్క పట్టండి. అద్దం మసకబారినా, నూనె చుక్క పడినా ఆ గాలి పనికిరాదు.

రోజూ పొద్దున కంప్రెషర్ ట్యాంకు కింది వాల్వు తిప్పి నీళ్లు వదలాలి. ట్యాంకు నుంచి వేడి గాలి నేరుగా ఫిల్టరుకు పోతే ఆవిరి అలాగే దాటిపోతుంది, తర్వాత టార్చిలో నీరవుతుంది. అందుకే మధ్యలో 8–10 మీటర్ల జీఐ పైపు గోడ వెంట నడిపి గాలిని చల్లబడనివ్వాలి. కనెక్షన్ ఎప్పుడూ పైపు పైభాగం నుంచే తీసుకోవాలి. ఆ తర్వాత వాటర్ సెపరేటర్, దాని తర్వాత సిలికా జెల్ డబ్బా. నీలం గింజలు గులాబీ రంగుకు మారితే 120 డిగ్రీల దగ్గర వేడిచేస్తే మళ్లీ నీలమవుతాయి.

ఎలక్ట్రోడ్ మధ్యలో బూడిద రంగు చుక్కలా కనిపించేది హాఫ్నియం అనే లోహం. అక్కడ గుంట 1.6 ఎంఎం లోతు దాటితే మార్చేయాలి, నాజిల్‌తో కలిపి జతగా మార్చాలి. ఇంకొన్నాళ్లు లాగుదామని చూస్తే టార్చి తలే కాలుతుంది.

గాలి చాలకపోయినా నాజిల్ కాలుతుంది. 45 యాంపుల కట్టర్ 6 బార్ దగ్గర నిమిషానికి 190 లీటర్ల దాకా తాగుతుంది. కంప్రెషర్ రేకు మీద రాసిన అంకె సాధారణంగా పిస్టన్ లెక్క, నిజంగా బయటికొచ్చేది అందులో 60–70 శాతమే అనుకోండి. కాబట్టి 2 హెచ్‌పీ చాలదు. 3 హెచ్‌పీ, 150 లీటర్ల ట్యాంకు కనీసం ఉండాలి. ఆగకుండా కోసే పనైతే 5 హెచ్‌పీ చూడండి. గేజీని మిషన్ ఊరకే ఉన్నప్పుడు కాదు, కోస్తున్నప్పుడు చూడాలి. అప్పుడు ముల్లు 5 బార్ కిందికి పడుతుంటే ట్యాంకు చిన్నదో, గొట్టం సన్నదో. గొట్టం లోపలి వ్యాసం 10 ఎంఎం ఉండాలి.

కాసేపు కోశాక మిషన్ తనంతట తానే ఆగిపోతోంది

డ్యూటీ సైకిల్ దాటింది. 50 యాంపుల దగ్గర 60 శాతం అంటే 10 నిమిషాల్లో 6 నిమిషాలే నడుస్తుందని. ఆ లెక్క సాధారణంగా 40 డిగ్రీల గాలికి ఇస్తారు. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు లోపల అంతకంటే ఎక్కువే ఉంటుంది. చేతి పనిలో మధ్యమధ్య ఆగుతాం, టేబుల్ ఆగదు. అందుకని 100 శాతం దగ్గర ఎన్ని యాంపులో అడిగి కొనండి. పైన చెప్పిన మిషన్ ఆగకుండా నడిచేది 38–39 యాంపుల దగ్గరే. ఇప్పుడున్న మిషన్‌కైతే యాంపులు తగ్గించండి, గ్రైండింగ్ పొడి పడని చోట పెట్టండి, పనులు పొద్దున పెట్టుకోండి.

పొద్దున బాగా కోసి, కరెంటు లోడు పెరిగే వేళ ఆర్క్ తెగుతోంది

వోల్టేజీ పడుతోంది. 45 యాంపులు, 130 వోల్టుల ఆర్క్ అంటే దగ్గరదగ్గర 6 కిలోవాట్లు. సింగిల్ ఫేజు మీద 28–34 యాంపులు లాగుతుంది. ఇంటి 16 యాంపుల సాకెట్ దీనికి పనికిరాదు. మీటరు బోర్డు నుంచి విడిగా 6 చదరపు ఎంఎం రాగి వైరు, 40 యాంపుల ఎంసీబీ వేయించండి. యాసంగిలో బావి మోటార్లన్నీ ఒక్కసారే నడిచే ఊళ్లలో, కోత జరుగుతుండగా మిషన్ దగ్గర వోల్టేజీ కొలిపించి, దాన్ని మిషన్ రేకు మీదున్న పరిధితో పోల్చండి. త్రీ ఫేజు దొరికితే ఒక్కో లైనుకు 10 యాంపులే పడుతుంది. మీటరు లోడు పెంచమని కరెంటు సంస్థ ఎన్పీడీసీఎల్‌కు ముందే దరఖాస్తు పెట్టుకోండి.

అంచు ఒకవైపే వాలుగా వస్తోంది

ఇది మిషన్ తప్పు కాదు. గాలి సుడి తిరుగుతూ వస్తుంది కాబట్టి టార్చి పోయే దిశకు కుడివైపు అంచు నిటారుగా, ఎడమవైపు వాలుగా ఉంటుంది. బయటి గీతను గడియారం దిశలో, లోపలి రంధ్రాన్ని దానికి ఎదురు దిశలో కోయించండి. నాలుగు వైపులా వాలుంటే టార్చి ఎత్తు సరిచేయాలి. కింద చిట్టెం (కరిగి గడ్డకట్టిన ఇనుము) బుడగలుగా మందంగా ఉండి, తట్టగానే రాలితే వేగం తక్కువ. సన్నగా, గ్రైండర్ పెడితేగాని పోనంత గట్టిగా ఉంటే వేగం ఎక్కువ.

మూలల దగ్గర టార్చి ప్లేటులోకి దిగిపోతోంది

గేటు కోసం 3 ఎంఎం షీటులో కాకతీయ తోరణం కోస్తున్నారనుకోండి. వేలాడే మొగ్గల దగ్గర ప్రతి మలుపులో వేగం తగ్గుతుంది, దాంతో కోత వెడల్పు పెరిగి ఆర్క్ వోల్టేజీ కూడా పెరుగుతుంది. టార్చి పైకి లేచిందనుకుని టీహెచ్‌సీ (ఆర్క్ వోల్టేజీ చూసి టార్చి ఎత్తును సరిచేసే పరికరం) దాన్ని కిందికి తోస్తుంది. వేగం 80–90 శాతం కంటే తగ్గినప్పుడు టీహెచ్‌సీ ఆగేలా సెట్ చేయండి. చిన్న రంధ్రాలకు పూర్తిగా ఆపేయండి. కోత వెడల్పే 1.5 ఎంఎం దాకా ఉంటుంది కాబట్టి రెండు గీతల మధ్య 3 ఎంఎం కంటే తక్కువ వదిలిన చోట మొగ్గ కాలిపోతుంది.

టీహెచ్‌సీ పనిచేయాలంటే కట్టర్ వెనక సీఎన్‌సీ పోర్టు ఉండాలి. స్టార్ట్ సిగ్నల్, ఆర్క్ ఓకే (ఆర్క్ వెలిగిందని చెప్పే) సిగ్నల్, 50కి 1 చొప్పున తగ్గించిన ఆర్క్ వోల్టేజీ, ఈ మూడూ అందులో రావాలి. పోర్టు లేని మిషన్ విప్పి లోపలి నుంచి వైరు లాగే పని ఇంట్లో పెట్టుకోవద్దు. అక్కడ 300 వోల్టుల దాకా డీసీ ఉంటుంది. ప్లగ్గు తీశాక కూడా కెపాసిటర్లలో కాసేపు నిలిచి ఉంటుంది.

పేరుకు 20 ఎంఎం మిషన్, 12 ఎంఎం ప్లేటుకు చిల్లే పడట్లేదు

పెట్టె మీద రాసేది అంచు నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా తెంచగల మందం. టేబుల్ మీద ప్రతి ముక్కా చిల్లుతోనే మొదలవుతుంది, అందులో సగమే లెక్కలోకి తీసుకోండి. గేట్లు, గ్రిల్లులు, నేమ్ బోర్డులకు 45 యాంపులు చాలు. 12 ఎంఎం బేస్ ప్లేట్లు రోజూ కోసేవాళ్లు 65 యాంపులకు తగ్గొద్దు. డబ్బు కట్టే ముందు మీరు వాడే మందం ప్లేటు ముక్కను షాపుకు పట్టుకెళ్లి, వరుసగా ఇరవై చిల్లులు వేయించి, చివర్లో నాజిల్ విప్పి చూపించమనండి.