కందకం తవ్వే ముందు కొండను చదవండి

కొండపల్లి బొమ్మలకు కర్రనిచ్చే తెల్లపొణికి రాళ్ల గుట్టల పొడి వాలుల్లో నిదానంగా పెరుగుతుంది. ఆ చెట్టునూ దాని చుట్టూ బతికే జీవాలనూ నిలబెట్టాలంటే వాననీరు వాలు మీదే ఇంకాలి. అందుకు కాంటూరు కందకాలు, అంటే వాలుకు అడ్డంగా ఒకే ఎత్తులో తవ్వే కందకాలు, మంచి మార్గం. అయితే అన్ని వాలులకూ అవి పనికిరావు. విజయవాడ మొగల్రాజపురంలో 2024 ఆగస్టు 31న భారీ వానకు కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయాయి. కింద ఇళ్లున్న నిటారు వాలు మీద నీళ్లు ఇంకించే పని అసలు పెట్టుకోవద్దు.

రిజర్వు ఫారెస్టు అయితే ముందు అటవీ శాఖ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. తర్వాత జీఎస్ఐ (భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ) వారి భూకోశ్ వెబ్‌సైట్‌లో రాతి పటం, అంటే ఎక్కడ ఏ రాయి ఉందో చూపే పటం, చూడండి. 1:50,000 పటంలో సెంటీమీటరంటే నేల మీద అర కిలోమీటరు. కాబట్టి రెండు రాళ్ల మధ్య హద్దు ఎక్కడుందో నడిచే తేల్చుకోవాలి.

వెంట సుత్తి, పది రెట్ల భూతద్దం, వాలు కోణం కొలిచే క్లినోమీటరు ఉన్న కంపాస్, టేపు, నీళ్ల సీసా ఉంటే చాలు. కంపాస్ చూసేటప్పుడు సుత్తినీ ఫోన్‌నీ దూరంగా పెట్టండి, ముల్లు పక్కకు లాగుతుంది.

కొండపల్లి, విజయవాడ వైపు కొండల్లో ఎక్కువగా కనిపించేవి రెండు రాళ్లు. ఎండకూ వానకూ రంగు మారిన పైభాగం చూసి పేరు పెట్టొద్దు, చిన్న ముక్క పగలగొట్టి లోపల చూడండి. జిడ్డుగా, ఆకుపచ్చ కలిసిన బూడిద రంగులో ఉండి సుత్తి దెబ్బకు ఖంగుమంటే చార్నోకైట్. దాని మీద మట్టి పలచన, వేళ్లు పగుళ్లలోకే దిగాలి. ఎర్రటి గార్నెట్ ఖనిజపు గింజలు కనిపిస్తూ పొరలుపొరలుగా ఉంటే ఖోండలైట్. అది బాగా శిథిలమై మందంగా ఎర్రమట్టి అవుతుంది. మొక్కకు హాయి, కానీ తడిస్తే జారేదీ అదే.

అందుకే పొరల వాలు కొలవడం అన్నిటికన్నా ముఖ్యం. బయటపడిన పొర మీద నాలుగు చుక్కల నీళ్లు పోయండి. అవి ఎటు పారితే పొర అటు వాలినట్టు. క్లినోమీటరును ఆ దారి వెంటే ఆనించి కోణం రాసుకోండి, కొండవాలు కోణం కూడా తీయండి. రెండూ ఒకే వైపుకు ఉండి, పొరల కోణం కొండవాలు కన్నా తక్కువైతే పొరల అంచులు వాలు మీద బయటికి తేలి ఉంటాయి. నీరు దిగితే పై పొర జారుతుంది. అక్కడ తవ్వొద్దు.

మిగిలిన చోట ఇంకుడు పరీక్ష చేయండి. అడుగు పొడవు, వెడల్పు, లోతు గుంట తీసి నిండా నీళ్లు పోసి ఇంకనివ్వండి. ఎండిన మట్టి మొదటి నీటిని గబగబా తాగేస్తుంది, ఆ లెక్క నమ్మకూడదు. రెండోసారి నింపి గంటకు ఎంత దిగిందో కొలవండి. సెంటీమీటరు కూడా దిగకపోతే బంకమట్టి, కందకంలో రోజుల తరబడి నీరు నిలుస్తుంది. ఒక్కసారిగా దిగిపోతే చెదల బొరియో పగులో ఉంటుంది, జరిగి మళ్లీ తవ్వండి.

కందకం ఒకే ఎత్తులో సాగేలా నేల మీద గీత గీయడానికి ‘A’ ఆకారపు ఏ-ఫ్రేమ్ చాలు: రెండు ఏడడుగుల కర్రలు, అడ్డంగా ఒక కర్ర, పైనుంచి రాయి కట్టిన తాడు. కాళ్లు ఆనిన రెండు చోట్లా గుర్తు పెట్టి, అడ్డకర్ర మీద తాడు తగిలిన చోట గీత గీయండి. కాళ్లు తారుమారు చేసి అవే గుర్తుల మీద నిలబెట్టి మళ్లీ గీయండి. రెండు గీతల మధ్య బిందువే సమతలం: తాడు అక్కడికి వస్తే రెండు కాళ్లూ ఒకే ఎత్తులో ఉన్నట్టు. ఈ సరిచూపు చేయకుండా ఏ-ఫ్రేమ్ వాడితే కందకం ఒక కొనకు వాలి, వాననీరంతా అటే పరుగెత్తి కొత్త వాగు కోస్తుంది.

కందకం అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు, పది పన్నెండడుగుల పొడవు మించకుండా, ఒక వరుస ఖాళీకి ఎదురుగా కింది వరుసలో కందకం వచ్చేలా తవ్వండి. మట్టిని దిగువ వైపు, అంచుకు అడుగు ఎడంగా గట్టు వేయండి. పొణికి మొక్క గట్టు మీదే నాటాలి, కందకం అడుగున నీరు నిలిచే చోట కాదు. గట్టు కోసం చుట్టూ రాళ్లు ఏరొద్దు. ఆ సందులే ఉడుములకూ పాములకూ తేళ్లకూ ఇళ్లు. చూడటానికి ఎత్తిన రాయినైనా మళ్లీ అలాగే బోర్లించండి.

మొదటి పెద్దవాన వెలిసిన మర్నాడే వెళ్లి చూడండి. మూడో రోజుకూ నీరు నిలిచి ఉంటే పక్కకు సన్నని దారి తీసి, ఆ కొనలో గడ్డి నాటండి. కందకానికి పైన నేలలో వాలుకు అడ్డంగా కొత్త పగుళ్లు కనిపిస్తే నీటిని బయటికి వదిలి, కందకం పూడ్చి, కింద ఉన్నవాళ్లకూ అటవీ సిబ్బందికీ అదే రోజు చెప్పండి.