వ్యవస్థగా చూడటం, 4వ పాఠం: ప్లస్ గుర్తుంటే మంచి జరుగుతున్నట్టు కాదు

పోయిన పాఠం చివర మీ ఊరి కరెంటుదో నీళ్లదో ఒక సమస్య తీసుకుని లూప్ బొమ్మ గీసి పంపమన్నాను, అంటే మారేవాటిని పెట్టెల్లో రాసి, ఏది దేన్ని మారుస్తుందో బాణాలతో చూపి, మళ్లీ మొదటి పెట్టెకు తిరిగొచ్చే బొమ్మ. ఈసారి ఆలస్యాల గురించి (కారణం జరిగాక ఫలితం కనబడడానికి పట్టే సమయం) చెప్పాల్సింది, కానీ వచ్చిన బొమ్మలు చూశాక అది వాయిదా వేశాను.

మొదటి జబ్బు చిన్నదే. పెట్టెల్లో రైతు, ప్రభుత్వం, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ), రాజకీయాలు అని రాసేశారు. పెట్టెలో పెట్టేది ఏదైనా పెరిగేదో తగ్గేదో అయి ఉండాలి. రైతు పెరగడు, ఆన్‌లో ఉన్న మోటార్ల సంఖ్య పెరుగుతుంది. ప్రభుత్వం తగ్గదు, రోజుకు త్రీఫేజ్ (మోటార్లు నడిచే కరెంటు) ఇచ్చే గంటలు తగ్గుతాయి. దీని గురించి ఇంతే.

రెండో జబ్బు మాత్రం నాకు చిరాకు తెప్పించింది. బాణం మీద ప్లస్ అంటే మంచి జరిగినట్టు, మైనస్ అంటే చెడు జరిగినట్టు గుర్తులు పెట్టుకుంటూ పోయారు. ఒకరైతే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవడం దగ్గర మైనస్ పెట్టి పక్కన ఏడుపు బొమ్మ కూడా వేశారు. గుర్తుకు మంచిచెడ్డలతో పనిలేదు. మొదటిది పెరిగితే రెండోదీ పెరుగుతుందా, మొదటిది తగ్గితే రెండోదీ తగ్గుతుందా, అయితే ప్లస్. ఒకటి పెరిగితే రెండోది తగ్గేట్టుంటే మైనస్. అంతే, ఇంకేమీ లేదు.

నమ్మకం కుదరడానికి ఒక లూప్ మొత్తం ప్లస్సులతోనే గీద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయానికి ఏడు గంటల కరెంటు ఇచ్చే రోజులు గుర్తున్నాయిగా, అదీ రెండు విడతలుగా, అందులో ఒక విడత రాత్రిపూట. ఎప్పుడొస్తుందో తెలియని కరెంటు కోసం అర్ధరాత్రి పాములూ తేళ్లూ తిరిగే గట్ల మీద నడిచి వెళ్లడం ఎందుకని రైతు ఆటో స్టార్టర్ పెట్టుకున్నాడు. కరెంటు రాగానే మోటారు దానంతటదే ఆన్ అవుతుంది. అతని వైపు నుంచి చూస్తే ఇంతకంటే తెలివైన పని లేదు.

ఇప్పుడు స్తంభం దగ్గరికి రండి. ఒక 100 కేవీఏ (ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యానికి కొలత) ట్రాన్స్‌ఫార్మర్ కింద 5 హెచ్‌పీ మోటార్లు 16 ఉన్నాయనుకుందాం. ఒక్కోటి నడుస్తున్నప్పుడు సుమారు 8 ఆంపియర్లు, అంటే మొత్తం 128. ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకునేది దాదాపు 139. డిస్కం రిజిస్టర్‌లో అంతా సవ్యంగానే ఉంది. కానీ ఈ రకం మోటారు నేరుగా స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలుగా తీసుకునేదానికి అయిదారు రెట్లు లాగుతుంది. మనుషులు వెళ్లి ఆన్ చేసే రోజుల్లో ఒకరు ఇప్పుడు, ఇంకొకరు పది నిమిషాలకు వేసేవారు కాబట్టి ఇబ్బంది లేదు. ఆటో స్టార్టర్లుంటే 16 మోటార్లూ ఒకే క్షణంలో లేస్తాయి, లాగేది 640 ఆంపియర్లు దాటుతుంది. అప్పుడు వోల్టేజి పడిపోతుంది, వోల్టేజి పడిపోయినందుకే మోటార్లు వేగం అందుకోలేవు, అందుకోలేనందుకే ఆ భారీ కరెంటును రెండు మూడు సెకన్లలో వదిలేయాల్సింది పోయి ఇంకా లాగుతూనే ఉంటాయి. ఫ్యూజు పోతే అదృష్టమే. ఫ్యూజు స్థానంలో ఎవరో లావుపాటి తీగ చుట్టి ఉంటే (ఉంటుంది, వెళ్లి చూడండి) ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. అది రిపేరుకు వెళ్లి వచ్చేదాకా ఆ కింద పంటకు తడి లేదు. మళ్లీ వచ్చాక రైతు ఏం చేస్తాడు? వచ్చిన కరెంటు ఉన్నంతలోనే తోడుకోవాలని ఆటో స్టార్టర్‌ను ఇంకా గట్టిగా నమ్ముకుంటాడు, లేనివాడు కొనుక్కుంటాడు.

సరఫరా మీద అనుమానం, ఆటో స్టార్టర్లు, ఒకేసారి లేచే మోటార్లు, కాలిపోయే ట్రాన్స్‌ఫార్మర్లు, మళ్లీ అనుమానం. నాలుగు బాణాలు, నాలుగూ ప్లస్సే. ఇందులో ఎవరికైనా మంచి కనిపించిందా?

ఇంకా ఒప్పుకోనివాళ్ల కోసం అనుమానం అన్న పెట్టె తీసేసి అక్కడ నమ్మకం పెట్టండి. కాలిపోవడం పెరిగితే నమ్మకం తగ్గుతుంది, మైనస్. నమ్మకం తగ్గితే స్టార్టర్లు పెరుగుతాయి, అదీ మైనస్. ఇప్పుడు రెండు ప్లస్సులు, రెండు మైనస్సులు. ఊళ్లో జరిగేది ఏమీ మారలేదు, గుర్తులే మారాయి. మైనస్‌లు సరిసంఖ్యలో ఉంటే (సున్నా కూడా సరిసంఖ్యే) అది తనను తాను పెంచుకునే లూప్, బేసి సంఖ్యలో ఉంటే ఎక్కడో ఒకచోట నిలబెట్టే లూప్. విడి బాణానికి తీర్పు చెప్పకండి, చుట్టు మొత్తం తిరిగొచ్చాక లెక్కపెట్టండి. ఎప్పుడూ వేలితో తిరగండి, కళ్లతో కాదు. సాఫ్ట్‌వేర్‌లు చాలా ఉన్నాయి గానీ నేను పెన్సిలూ రబ్బరే వాడతాను, ఏడు పెట్టెలు దాటితే ఆ కాగితం చింపేస్తాను.

ఇక ప్లానింగ్ సంగతి. ఇలాంటి ఊరు చూసి అధికారి సాధారణంగా చేసేదేమిటంటే 63 కేవీఏ తీసి 100 పెడతాడు. తప్పనలేం, లోడు అంత ఉంది మరి. వోల్టేజి బాగుపడుతుంది. బాగుపడగానే డీడీ (కనెక్షన్‌కు కట్టే డబ్బు) కట్టకుండా ఇంకో మోటారు తగులుతుంది, 5 హెచ్‌పీ అని రాయించుకున్న చోట 7.5 దిగుతుంది, రెండేళ్లలో మళ్లీ అదే ఫిర్యాదు. లోడు అనేది బయటినుంచి ఎవరో ఇచ్చిన అంకె కాదు, మీ నిర్ణయం దాన్ని కదిలిస్తుంది. అంచనా రిపోర్టుల్లో నాకు అన్నిటికంటే అనుమానం కలిగించే వరుస అందుకే ఏటా ఇంత శాతం పెరుగుతుందని నింపేసేది.

హెచ్‌వీడీఎస్ (ఎక్కువ వోల్టేజి లైనునే పొలాల దాకా తెచ్చే పంపిణీ పద్ధతి) పని చేసిన చోట ఎందుకు పని చేసిందో కూడా ఇక్కడే ఉంది. 11 కేవీ లైనును పొలాల దాకా తెచ్చి, మూడు నాలుగు మోటార్లకు ఒక చిన్న 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. లైను నష్టాలు తగ్గడం అందరూ చెప్పేదే. నాకు నచ్చేది ఇంకోటి: 16 మందిలో ఒకడు దొంగతనంగా మోటారు కలిపితే ఎవరికీ పట్టదు, నలుగురిలో ఒకడు కలిపితే మిగతా ముగ్గురూ సాయంత్రానికి వాడి ఇంటి ముందుంటారు. తప్పు చేసిన చోటికే దాని ఫలితం వెంటనే చేరుతోంది.

తెలంగాణ ప్రభుత్వం 2018 జనవరి 1 నుంచి దాదాపు 23 లక్షల పంపుసెట్లకు 24 గంటల కరెంటు ఇచ్చింది. మన లూప్‌లో అది అనుమానం అన్న పెట్టె మీద పడ్డ దెబ్బ. ఎప్పుడూ ఉండే కరెంటు కోసం అర్ధరాత్రి తొందర అక్కర్లేదు. అయితే దానికి ముందు, 2017లో, ఆటో స్టార్టర్లు తీసేయండని ఊరూరా ప్రచారం చేశారు గుర్తుందా? పాత లూప్‌లో అవి ట్రాన్స్‌ఫార్మర్లను కాల్చేవి. 24 గంటలూ కరెంటు ఉన్నాక అవే ఉంటే మోటారు ఆగదు, బోరు వట్టిపోతుంది. పెట్టె అదే, అది ఇప్పుడు వేరే లూప్‌లో ఉంది. మీ బొమ్మల్లో ఒక్కరు కూడా దీన్ని పట్టుకోలేదు.

ఉచిత కరెంటే దీనంతటికీ మూలం అని బొమ్మ పక్కన రాసినవాళ్లకు ఒక మాట. 2004లో ఉచిత విద్యుత్ రాకముందు కూడా రైతు హార్స్‌పవర్ లెక్కన ఏడాదికింత అనే కట్టేవాడు, మీటరు లేదు. ఇంకో గంట మోటారు నడిపితే పడే అదనపు ఖర్చు అప్పుడూ సున్నానే. కాబట్టి నీళ్లు తోడడాన్ని ఆపింది బిల్లు కాదు, కరెంటు గంటలు. ఆ గంటల మూత తీసేశాక మిగిలిన మూత ఒక్కటే, బోరులో నీళ్లు. బోరు ఆగి ఆగి పోసేదాకా వచ్చాక దొరికే సమాచారం అది, అప్పటికి పక్కవాడు ఇంకో రెండు వందల అడుగులు దింపి ఉంటాడు, వాణ్ని చూసి మీరూ దింపుతారు, లోతు పెరిగిన కొద్దీ అదే నీటికి ఎక్కువ హెచ్‌పీ, మళ్లీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికే వచ్చాం. ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనే, రైతులే భూగర్భజలాన్ని చూసుకునే ప్రాజెక్టులో అనంతపురం, ప్రకాశం లాంటి జిల్లాల రైతులు తమ బోర్ల మట్టం తామే కొలిచి, రబీ ముందు ఊరి నీటి లెక్క వేసుకుని పంట ఎంచుకున్నారు. అక్కడ బోరు ఎండేదాకా ఆగకుండానే సమాచారం చేరింది.

ఈసారి అభ్యాసం కొంచెం కష్టమే. ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. ఎక్కొద్దు, ముట్టొద్దు, లైన్‌మన్‌ను అడగండి. దాని కింద రిజిస్టర్ ప్రకారం ఎన్ని మోటార్లు, నిజంగా ఎన్ని, ఏ హెచ్‌పీ అని రెండు వరుసలు రాయండి. తర్వాత మోటార్ వైండింగ్ షాపుకెళ్లి ఏ నెలల్లో కాలిన మోటార్లు ఎక్కువ వస్తాయో కనుక్కోండి, డిస్కం లెక్కలకంటే ఆ షాపతని నోటిమాట నాకు ముందు కావాలి. ఆపైన రెండు లూప్‌లు గీయండి, ఒకటి పెంచేది, ఒకటి నిలబెట్టేది, రెండిట్లోనూ ఉండే పెట్టె కనీసం ఒకటి ఉండాలి. పట్నంలో ఉన్నవాళ్లు ట్రాన్స్‌ఫార్మర్ బదులు అపార్ట్‌మెంట్ బోరూ ట్యాంకర్లూ తీసుకోవచ్చు. వచ్చే పాఠంలో ఆలస్యాలు చెబుతాను. దానికి భూగర్భజల శాఖ మీ మండలంలో పెట్టిన పీజోమీటర్ (భూమిలో నీటిమట్టం కొలిచే బోరు) రీడింగులు కావాలి, కనీసం రెండు వేసవులవి సంపాదించి పెట్టుకోండి.