వైట్‌హౌస్ విందు: ప్రథమ మహిళ ఆఫీసు ఏది ముందు చూసుకోవాలి

అమెరికా అధ్యక్షుడి భార్యకు జీతం లేదు, రాజ్యాంగంలో ఆ హోదా ఊసే లేదు. తెలుగు మూలాలున్న ఉషా వాన్స్ 2025 జనవరి నుంచి ఉన్న సెకండ్ లేడీ (ఉపాధ్యక్షుడి భార్య) స్థానానికీ జీతం లేదు. ఇద్దరికీ ప్రభుత్వ సిబ్బంది సాయం అందేది 1978 నాటి చట్టం వల్ల. అలాంటి ప్రథమ మహిళ మీద పడే పనుల్లో తప్పు జరిగితే ప్రపంచమంతా చూసేది స్టేట్ డిన్నర్, అంటే విదేశీ నేతకు వైట్‌హౌస్‌లో ఇచ్చే అధికారిక విందు.

మెనూతో మొదలుపెట్టకండి. ముందు ఎంతమందో తేల్చండి, మిగతావన్నీ దాన్నిబట్టే. స్టేట్ డైనింగ్ రూమ్‌లో 140 మంది దాకా పడతారు. ఇంకొంచెం పెరిగితే ఈస్ట్ రూమ్, అదీ చాలకపోతే సౌత్ లాన్‌లో టెంటు. 2009 నవంబరు 24న మన్మోహన్ సింగ్‌కీ, 2023 జూన్ 22న మోదీకీ ఇచ్చిన విందులు టెంటులోనే జరిగాయి. టెంటు వేస్తే వంటగది దూరమవుతుంది కాబట్టి బల్ల మీదికి చేరేలోపు చల్లారి పాడయ్యే వంటకాన్ని మొహమాటం లేకుండా కొట్టేయండి. పళ్లేలూ లెక్క చూసుకోండి. నాన్సీ రీగన్ తెప్పించిన ఎర్రంచు సెట్టులో 4,370 పీసులున్నా, అవి 220 మందికే సరి.

ఇక అసలు తలనొప్పి గెస్ట్ లిస్టు. విదేశాంగ శాఖ కొన్ని పేర్లిస్తుంది, వెస్ట్ వింగ్ (అధ్యక్షుడి ఆఫీసు) కొన్ని ఇస్తుంది, చివరి నిమిషంలో ఇంకొన్ని వచ్చిపడతాయి. ఫైనల్ కాపీ వైట్‌హౌస్ విందులు చూసుకునే సోషల్ సెక్రటరీ ఒక్కరి దగ్గరే ఉండాలి. అధ్యక్షుడి భద్రత చూసే సీక్రెట్ సర్వీస్‌కి పంపేటప్పుడు పూర్తి పేరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు గుర్తింపు కార్డులో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ముందు రాసుకునే మనవాళ్ల విషయంలో ఇది మరీ జాగ్రత్త: ఆహ్వానంలో ఒక వరస, కార్డులో ఇంకో వరస ఉంటే గేటు దగ్గర ఆపేస్తారు.

గేటు దగ్గర సోషల్ సెక్రటరీ ఆఫీసు మనిషిని తప్పక నిలబెట్టండి. 2009 విందుకి అలా పెట్టలేదు. లిస్టులో పేరు లేని జంటను చెకింగ్ దగ్గరున్న సీక్రెట్ సర్వీస్‌వాళ్లు లోపలికి వదిలేశారు. వాళ్లు ఏకంగా అధ్యక్షుడితో చేతులు కలిపి ఫొటో దిగారు. ముఖాలు తెలిసినవాళ్లు గేటులో ఉంటే అక్కడే ఆగిపోయేది. ఆ తర్వాతే సోషల్ ఆఫీసువాళ్లూ సీక్రెట్ సర్వీస్‌వాళ్లూ కలిసి నిలబడే పద్ధతి పెట్టారు.

మెనూ విషయంలో అతిథి ఏం తినరో ముందు అడగండి, పంచాంగమూ చూడండి. 2014 సెప్టెంబరులో మోదీ వైట్‌హౌస్ విందుకి వెళ్లేసరికి నవరాత్రి ఉపవాసంలో ఉన్నారు, గోరువెచ్చని నీళ్లే తీసుకున్నారు. 2023లో జిల్ బైడెన్ శాకాహారాన్నే ప్రధానంగా పెట్టించారు: చిరుధాన్యాలు, కాల్చిన మొక్కజొన్న గింజల సలాడ్, కూరిన పుట్టగొడుగులు, కుంకుమపువ్వు రిసొట్టో (ఇటలీ తరహా అన్నం వంటకం). చేప అడిగినవాళ్లకు మాత్రమే. అది అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం కూడా, ఎంపిక బాగా కుదిరింది. మద్యం ముట్టని అతిథి అయితే టోస్ట్‌కి, అంటే శుభాకాంక్షలు చెబుతూ ఎత్తే గ్లాసులో ఏం పోయాలో ముందే తేల్చుకోవాలి. 2023 విందులో పోసింది జింజర్ ఏల్, అల్లం రుచి సోడా.

ఖర్చుల దగ్గర కొత్తగా వచ్చినవాళ్లు తికమకపడతారు. విదేశీ నేతకిచ్చే విందు ఖర్చు విదేశాంగ శాఖది. అదే ఇంట్లోవాళ్ల రోజువారీ తిండి, డ్రైక్లీనింగ్ వగైరా బిల్లు నెలనెలా అధ్యక్షుడి సొంత జేబుకే వస్తుంది. కాబట్టి రెండు లెక్కలూ మొదటి రోజు నుంచే విడిగా రాయించండి.

బహుమతులు వస్తే వెంటనే నమోదు చేయించాలి. 2023లో విదేశీ కానుక విలువ 480 డాలర్లు దాటితే ప్రభుత్వానిదే, ఉంచుకోవాలంటే మార్కెట్ ధర కట్టాలి. అధ్యక్షుడి భార్యకూ అదే నిబంధన. మోదీ జిల్ బైడెన్‌కిచ్చిన 7.5 క్యారెట్ల వజ్రం విలువ 20,000 డాలర్లని లెక్కకట్టి, అధికారిక వాడకానికని అప్పట్లో ప్రథమ మహిళ ఆఫీసున్న ఈస్ట్ వింగ్‌లో ఉంచారు.