ఇంటి బల్ల మీద ఎస్‌ఎండీ – 5వ పాఠం: గట్టిపడిన సోల్డర్ పేస్టును మళ్లీ పనికి తెచ్చుకోవడం

కిందటి పాఠంలో 0805 సైజు రెసిస్టర్లను, 8 కాళ్ల ఎస్‌ఓఐసీ చిప్పును, అంటే బోర్డు పైపైనే అతికే ఎస్‌ఎండీ భాగాలను, సోల్డర్ పేస్టుతో (వేడిచేస్తే కరిగి అతికే టంకం ముద్దతో) అతికించాం. ఆ పాఠం చేసినవాళ్ల దగ్గర ఇప్పుడు సగం వాడిన డబ్బా ఒకటి మిగిలి ఉంటుంది. మార్చిలో వెన్నలా ఉన్న ఆ పేస్టులోకి జూన్ వచ్చేసరికి స్పాచులా దిగదు. విజయవాడలో ఇది మామూలే. పేస్టు తయారుచేసేవాళ్లు ఎక్కువమంది 2 నుంచి 10 డిగ్రీల మధ్య ఉంచమంటారు. ఇక్కడేమో మేలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మేడమీది గదిలో బీరువా పైన పెట్టిన డబ్బాకు రాత్రి కూడా చల్లదనం దొరకదు.

ఈ పాఠంలో నేర్చుకునేవి రెండు పనులు. ఎండిన పేస్టులో ఏది తిరిగి వస్తుందో, ఏది రాదో పోల్చుకోవడం మొదటిది. వచ్చేదాన్ని సరైన ఫ్లక్స్‌తో (లోహం మీది ఆక్సైడ్‌ను తొలగించి టంకం అతికేలా చేసే పదార్థంతో) మెత్తబరచడం రెండోది. మొదటిది చేతకాకుండా రెండోదాని జోలికి వెళ్లొద్దు. పేస్టు మెత్తబడినంత మాత్రాన బాగుపడినట్టు కాదు.

డబ్బాలో పాడయ్యేది ఏది?

పేస్టులో ఉన్నవి లోహం పొడి, ఫ్లక్స్. బరువు చూస్తే 88 నుంచి 90 శాతం లోహమే. చోటు చూస్తే మాత్రం రెండూ దాదాపు చెరిసగం. ఈ పొడి గరుకు రజను కాదు, గుండ్రటి రేణువులు. టైప్ 3 అని రాసి ఉంటే అవి 25 నుంచి 45 మైక్రాన్లు, టైప్ 4 అయితే 20 నుంచి 38 మైక్రాన్లు. ఫ్లక్స్‌లో రోజిన్ (పైన్ చెట్ల జిగురు నుంచి తీసేది) ఉంటుంది, ఆక్సైడ్‌ను శుభ్రం చేసే యాక్టివేటర్ ఉంటుంది, పేస్టు ప్యాడ్ (బోర్డు మీద భాగం అతికే రాగి చోటు) మీంచి జారకుండా నిలబెట్టే చిక్కదనపు పదార్థం ఉంటుంది. వీటన్నిటినీ కలిపి మెత్తగా ఉంచేది ద్రావకం.

గట్టిపడటానికి కారణం ద్రావకం ఆవిరవడం ఒక్కటే అయితే మన పని సులువు. పోయినదాన్ని పోసేస్తే సరి. కానీ వేడిలో ఇంకో రెండు పనులు జరుగుతాయి. యాక్టివేటర్ బోర్డు మీద చేయాల్సిన పనిని డబ్బాలోనే మొదలుపెట్టి, లోహంతో కలిసి లవణాలుగా మారుతుంది. దాంతో పేస్టు ఇంకా బిగుస్తుంది, శుభ్రం చేసే శక్తీ తగ్గుతుంది. దీన్ని కొత్త ఫ్లక్స్‌తో కొంతవరకు పూడ్చుకోవచ్చు. మూడోది, రేణువుల పైన ఆక్సైడ్ పొర మందమవడం. అది ముదిరితే ఏ ఫ్లక్స్ కలిపినా లాభం లేదు. రేణువు ఎంత చిన్నదైతే అంత త్వరగా ముదురుతుంది, ఎందుకంటే అదే బరువు లోహానికి గాలి తగిలే ఉపరితలం ఎక్కువ. అందుకే టైప్ 3 పేస్టు తిరిగి వచ్చినంత సులువుగా టైప్ 5 రాదు.

మూత తీయగానే చేతికి ఫ్లక్స్ అందుకోవద్దు. ముందు చూడండి. పైన పసుపుపచ్చటి జిగురు తేలి, అడుగున బూడిదరంగు ముద్ద కూర్చుని ఉంటే అది ఎండడం కాదు, విడిపోవడం. జాడీలో ఆవకాయ పైకి నూనె తేలినట్టే. ఆ జిగురును వంపేయకుండా నెమ్మదిగా కలిపితే చాలు, ఇంకేమీ పోయక్కర్లేదు. దీన్ని ఎండిందనుకుని ఫ్లక్స్ కలిపితే పేస్టు పలచబడి, పక్కపక్క కాళ్ల మధ్య వంతెనలు కడుతుంది.

సిరంజి పేస్టు అయితే ముందు సూది మార్చండి. చాలాసార్లు ఎండేది సూదిలోనూ ముక్కులోనూ ఉన్న కాస్త పేస్టే. ఆ బిరడాను గుండుసూదితో బయటికి లాగి పారేస్తే వెనకాలది హాయిగా వస్తుంది. పిస్టన్‌ను బలంగా నొక్కడం మాత్రం వద్దు. ఒత్తిడికి ఫ్లక్స్ ఒక్కటే ముందుకు వచ్చేసి లోహం వెనక బిగుసుకుంటుంది, అప్పటిదాకా బాగున్న పేస్టు కూడా చెడుతుంది.

డబ్బాలో పైన పెచ్చు కట్టి ఉంటే దాన్ని తీసి పారేయండి. మూతకీ, గోడకీ అంటుకుని పొలుసులైన ముక్కల్ని కూడా. వాటిని మంచి పేస్టులోకి తోసి కలిపేయాలని చేయి లాగుతుంది, ఎందుకంటే పేస్టు ఖరీదైనది. కానీ ఆ పెచ్చులోనే ఆక్సైడ్ అంతా ఉంది. దాన్ని కలిపితే కింద ఉన్న మంచి పేస్టు కూడా దాని దారినే పోతుంది. ఇంకో మాట: ముద్ద మొత్తం ఇసుకలా పొడిపొడిగా రాలుతూ, ఎక్కడా జిగురు మెరుపు లేకపోతే, ఇక ఆశ పెట్టుకోవద్దు.

ఏం కలపాలి

కానూరులో ఇంజినీరింగ్ చదివే తమ్ముడొకడు వేసవి సెలవుల్లో హాస్టల్ అల్మారాలో ఉండిపోయిన డబ్బా తెచ్చాడు. “అన్నా, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) పోశాను, బాగా మెత్తబడింది. కానీ వేడి తగలగానే చిటపటలాడి చిప్పు చుట్టూ చిన్న చిన్న గుండ్లు పడుతున్నాయి” అన్నాడు. పేస్టులో తయారీదారు వాడే ద్రావకం నిదానంగా ఆవిరయ్యే రకం. ఐపీఏ 82 డిగ్రీలకే మరుగుతుంది. లెడ్ (సీసం కలిసిన) పేస్టు కరిగేది 183 డిగ్రీల దగ్గర. అంటే లోహం కరగకముందే లోపల మిగిలిన ఐపీఏ బుస్సుమని పేస్టును చిమ్ముతుంది. చిమ్మకపోయినా, స్టెన్సిల్ (పేస్టు ప్యాడ్ల మీదే పడేలా రంధ్రాలున్న పలచటి రేకు) మీద నాలుగుసార్లు లాగేలోపే అది ఎగిరిపోయి పేస్టు మళ్లీ మొదటికొస్తుంది. థిన్నర్, పెట్రోలు, నీళ్లు అసలే వద్దు. ఐపీఏ పని చివర్లో బోర్డు తుడవడానికి మాత్రమే.

కలపాల్సింది జెల్ ఫ్లక్స్. గవర్నర్‌పేట వైపు మొబైల్ రిపేరు సామాను అమ్మే షాపుల్లో సిరంజిలో దొరుకుతుంది, ఆర్‌ఎంఏ-223 అని లేబుల్ ఉన్నవి ఎక్కువగా కనిపిస్తాయి. ఆ పేరుతో నకిలీలు కూడా చాలానే ఉన్నాయి కాబట్టి కొన్నాక ముందు రాగి ముక్క మీద కొంచెం వేసి వేడిచేసి చూడండి. మంచిది శుభ్రంగా కరిగి పారుతుంది. నల్లగా మాడి బొగ్గవుతుంటే పేస్టులో కలపొద్దు. రేడియో షాపుల్లో చిన్న రేకు డబ్బాలో అమ్మే గ్రీజులాంటి పేస్టును కూడా ఇందులో కలపొద్దు. వాటిలో కొన్నింటిలో జింక్ క్లోరైడ్ ఉంటుంది. అది రేకు పనికి బాగుంటుంది గానీ బోర్డు మీద మిగిలితే రాగి గీతల్ని తినేస్తుంది.

ఫ్లక్స్ జాతి కలవడం కూడా ముఖ్యం. పేస్టు నో-క్లీన్ (పని అయ్యాక కడగక్కర్లేని రకం) అయితే నో-క్లీన్ జెల్, రోజిన్ రకమైతే రోజిన్ జెల్. నీళ్లతో కడిగే రకం పేస్టు ఎండితే దాన్ని వదిలేయడమే మంచిది. 138 డిగ్రీలకే కరిగే బిస్మత్ పేస్టు సంగతీ అంతే. మామూలు రోజిన్ ఫ్లక్స్ అంత తక్కువ వేడికి పూర్తిగా పనిలోకి రాకపోవచ్చు.

కలిపే తీరు

ఉదయం పూట, గది కాస్త చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. చేతులకు గ్లోవ్స్ వేసుకోండి. డబ్బా ఫ్రిజ్‌లోంచి తీసినదైతే మూత తీయకుండా నాలుగు గంటలు బయట ఉంచాలి. కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్లో గాలిలో తేమకు తక్కువ లేదు, చల్లటి పేస్టు మీద అది ఇట్టే నీళ్లై కూర్చుంటుంది.

మొత్తం డబ్బాలో ఎప్పుడూ కలపొద్దు. అవసరమైనంత పేస్టు తీసి గాజుపలక మీద పెట్టుకోండి. 10 గ్రాములు తీశారనుకుందాం. కొత్తగా ఉన్నప్పుడు అందులో ఫ్లక్స్ గ్రాము, లేదా గ్రాము పైన కొంచెం. ఆ గ్రాములో ద్రావకం ఒక భాగం మాత్రమే. కాబట్టి ఆవిరై పోయినది అర గ్రాము మించి ఉండదని నా లెక్క. అందుకే 10 గ్రాములకు అర గ్రాము ఫ్లక్స్ దాకా మాత్రమే వెళ్తాను. అప్పటికీ మెత్తబడకపోతే లోపల పాడైంది ద్రావకం కాదని అర్థం.

ఆ అర గ్రామును ఒక్కసారిగా వేయకూడదు. 0.1 గ్రాము, అంటే ఒక చిన్న బొట్టు వేసి, స్పాచులా బల్లపరుపు వైపుతో ముద్దను నెమ్మదిగా పరిచి, మడిచి, మళ్లీ పరవండి. ఒక నిమిషం ఇలా చేశాక రెండు నిమిషాలు వదిలేయండి. ఫ్లక్స్ రేణువుల మధ్యకు ఇంకడానికి ఆ సమయం కావాలి. ఇక్కడే చాలామంది తొందరపడి ఇంకో బొట్టు వేసేస్తారు, పది నిమిషాల తర్వాత చూస్తే పేస్టు కారిపోతుంటుంది. గట్టిగా నూరడం కూడా తప్పే. తగరం, సీసం మెత్తటి లోహాలు. నూరితే రేణువులు చదునై, కొత్త ఉపరితలం బయటపడి, మన చేత్తోనే ఆక్సైడ్ పెంచినట్టవుతుంది.

ఎక్కడ ఆపాలో స్పాచులానే చెబుతుంది. కొంచెం పేస్టు ఎత్తి వంచి పట్టుకోండి. కదలకుండా అంటుకుని ఉంటే ఇంకా గట్టిగా ఉంది. ఎత్తగానే తేనెలా సాగి పడితే ఎక్కువైంది. ఒకటి రెండు క్షణాలు నిలబడి, తర్వాత ముద్దగా తెగి పడి, పడినచోట ఆకారం నిలుపుకుంటే సరిగ్గా ఉంది. పైన సన్నటి తడి మెరుపు కూడా కనిపిస్తుంది.

గుండు పరీక్ష

ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. పరిశ్రమలో కూడా పేస్టును ఇలాగే పరీక్షిస్తారు.

పాత విజిటింగ్ కార్డుకు కాగితాలు పంచ్ చేసే మెషీన్‌తో ఒక రంధ్రం కొట్టండి. దాన్ని పలచటి పింగాణీ ముక్క మీద పెట్టి, రంధ్రంలో పేస్టు నింపి, పైన సమంగా గీకి, కార్డు పైకి ఎత్తేయండి. పింగాణీకి టంకం అంటుకోదు కాబట్టే దాని మీద చేస్తాం. దాన్ని హాట్‌ప్లేట్ మీద పెట్టి నెమ్మదిగా వేడిచేయండి. 183 డిగ్రీల పేస్టుకు 210 చాలు. కిటికీ తెరిచి ఉంచి, పొగ ముఖానికి రాకుండా కూర్చోండి.

ముందు ఫ్లక్స్ కరిగి అంచుల నుంచి పారుతుంది. బూడిదరంగు బిళ్ల ఒక్కసారి ముదురు రంగుకు తిరిగి, అంచులు లోపలికి ముడుచుకుని, క్షణంలో మెరిసే ఒకే ఒక్క గుండు అవుతుంది. ఇలా వస్తే మీ పేస్టు బతికినట్టే. పెద్ద గుండు పక్కన చిన్నవి రెండు మూడు విడిగా పడితే పెద్ద ప్యాడ్ల పనికి వాడుకోవచ్చు. గుండు చుట్టూ బూడిదలాంటి సన్నటి రేణువుల వలయం ఏర్పడితే, లేదా బిళ్ల అసలు గుండే కాకుండా గరుకు ముద్దగా ఉండిపోతే, ఆక్సైడ్ గెలిచింది. ఇంకాస్త ఫ్లక్స్ వేసి చూద్దామనుకోవద్దు, పారేయండి.

గుండు బాగా వచ్చినా, అదే పేస్టును శుభ్రం చేసిన రాగి ప్యాడ్ మీద ఒకసారి కరిగించండి. పరుచుకుని రాగికి అంటుకోవాలి. ప్యాడ్ మీద కూడా గుండుగానే నిలిస్తే ఫ్లక్స్ బలం చాలలేదు.

పరీక్ష నెగ్గిన పేస్టును 0805, 1206, ఎస్‌ఓఐసీ లాంటివాటికి, సొంత ప్రయోగాల బోర్డులకు వాడండి. కాళ్లు కిందనే దాగి ఉండే క్యూఎఫ్‌ఎన్ చిప్పులకు వద్దు, అక్కడ అతుకు సరిగా పడిందో లేదో కంటికి కనిపించదు. ఇంకొకరికి ఇచ్చే బోర్డుకు, డబ్బు తీసుకుని చేసే రిపేరుకు కొత్త పేస్టే వాడండి. ఈ విషయంలో నేను రాజీపడను. కలిపినదాన్ని ఆ రోజే వాడేయాలి, మిగిలింది తిరిగి డబ్బాలో వేయకూడదు.

పారేయాల్సిన లెడ్ పేస్టును చెత్తబుట్టలోనో కాలువలోనో వేయకండి. అందులోని లోహంలో 37 శాతం సీసం. తుడిచిన కాగితాలు, గ్లోవ్స్, పెచ్చులు అన్నీ ఒక మూత ఉన్న సీసాలో పోగుచేసి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. గాజుపలక, స్పాచులా వంటింట్లోకి తిరిగి వెళ్లకూడదు. చేతులు సబ్బుతో కడిగాకే ఏదైనా తినాలి. పిల్లలున్న ఇంట్లో ఈ పని వాళ్లు బడికి వెళ్లాక పెట్టుకోండి.

వచ్చే పాఠం పేస్టును వేసవి దాటించడం గురించి: ఇంటి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన లెడ్ పేస్టు పెట్టకుండా ఏం చేయవచ్చు, ఎంత పెద్ద సిరంజి కొనాలి అన్నవి చూద్దాం. ఈలోపు మీ దగ్గరున్న పేస్టుతో, కొత్తదైనా పాతదైనా, గుండు పరీక్ష చేయండి. గుండును ఫోన్‌లో దగ్గరగా ఫొటో తీసి, డబ్బా తెరిచిన నెల, పేస్టు టైప్ పక్కన రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో ఆ ఫొటోలు కావాలి.