మీ ఎఫ్‌డీ నిజంగా పెరుగుతోందా? ఇంట్లోనే లెక్క కట్టడం ఎలా

కిరాణా కొట్టులో తూకం పది గ్రాములు తక్కువ వస్తే మనం ఊరుకోం. హన్మకొండ చౌరస్తా అయినా, ములుగు అంగడి అయినా అక్కడికక్కడే గొడవ పెట్టుకుంటాం. కానీ మన జీతాన్ని, బిడ్డ పెళ్లికి దాచిన సొమ్మును కొలిచే రూపాయి ఏటేటా చిన్నదవుతుంటే మాత్రం దాన్ని తూచి చూడం. బ్యాంకు బోర్డు మీది వడ్డీ రేటు చూసి సంతకం పెట్టేస్తాం.

నిజాం కాలంలో ఇక్కడి అంగళ్లలో బేరం కుదిరాక "హాలీయా, కల్దారా?" అని అడిగేవాళ్లు. హాలీ అంటే నిజాం రూపాయి, కల్దార్ అంటే బ్రిటిష్ ఇండియా రూపాయి. ఏడు హాలీ సిక్కా రూపాయలు దాదాపు ఆరు కల్దార్లతో సమానం. రెండు రూపాయలు పక్కపక్కన తిరుగుతుంటే ఏది గట్టిదో కూలి చేసుకునేవాళ్లకు కూడా తెలిసేది. ఇప్పుడు ఉన్నది ఒక్కటే రూపాయి, పోల్చడానికి పక్కన ఇంకొకటి లేదు. కాబట్టి సరుకుతోనే పోల్చాలి.

మొదట మీ ఇంటి ధరలు రాయండి

ఒక నోటుబుక్కు తీసుకుని ప్రతి నెలా ఒకే తేదీన రాయండి. బియ్యం, కందిపప్పు, మంచినూనె, పాలు, కూరగాయలు, గ్యాస్ బండ, పెట్రోలు, ఇంటి కిరాయి, స్కూలు ఫీజు, మందులు. వీలైనంత వరకు ఒకే దుకాణం ధర తీసుకోండి.

ధర పక్కన తూకం తప్పకుండా రాయాలి. నేను మొదట్లో వట్టి ధరలే రాసేవాణ్ణి. బట్టల సబ్బు ధర ఎన్నాళ్లైనా మారలేదు, సంతోషించాను. ఒకరోజు అల్మారా సర్దుతుంటే పాత కవరు దొరికింది. కొత్తదాని పక్కన పెట్టి చూస్తే అదే రంగు, అదే ధర, గ్రాములు మాత్రం తక్కువ. నా పుస్తకంలో 'పెరగలేదు' అని ఉన్నచోట నిజానికి ధర పెరిగింది. అప్పటి నుంచి వంద గ్రాములకు ఎంత పడుతుందో అదే రాస్తున్నాను.

ఏడాది గడిచాక అదే జాబితాను, అదే తూకంతో మళ్లీ కూడండి. నిరుడు 20,000 అయినది ఈ ఏడు 21,400 అయితే మీ ఇంటి ద్రవ్యోల్బణం 7 శాతం. ప్రభుత్వం ప్రతి నెలా ప్రకటించే అంకె చాలా ఇళ్ల సగటు. మీ కాజీపేట కిరాయి, మీ పిల్లల ఫీజు ఆ సగటులో మీ ఇంట్లో ఉన్నంత బరువుతో ఉండవు.

సరుకు కొరత ఏదో, రూపాయి అరుగుదల ఏదో విడదీయండి

2021–22లో నల్ల తామర పురుగు మన మిర్చి తోటలను తినేసింది. దిగుబడి పడిపోయి వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి ధర ఎగబాకింది. ఆ ధర ఒక కబురు తెచ్చింది: సరుకు తక్కువుంది, చూసి వాడండి, పండించగలిగినవాళ్లు ఎక్కువ పండించండి. అలాంటి ధరను తొక్కిపెడితే కొరత తీరదు, కబురు మాత్రం ఆగిపోతుంది. ఇలాంటి వాటి పక్కన చిన్న గుర్తు పెట్టుకోండి.

కిరాయి, ఫీజు, టిఫిన్, కటింగ్ అన్నీ కలిసి ఏళ్ల తరబడి పెరుగుతుంటే దానికి ఏ పురుగూ కారణం కాదు. వ్యాపారి ఆశపోతు అని తిడతాం. వ్యాపారికి ఆశ నిరుడు కూడా ఉంది కదా! సరుకు కంటే డబ్బు వేగంగా పెరగడమే అసలు కారణమని నా నమ్మకం. వ్యవస్థలో ఎంత డబ్బు ఉందో చెప్పే లెక్కలు రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్‌లోనే ఉంటాయి, ఎప్పుడైనా చూడొచ్చు. ఆ కొత్త డబ్బు అందరికీ ఒకేసారి అందదు. ముందుగా అప్పు దొరికినవాళ్లు పాత ధరకే ప్లాట్లు కొనుక్కుంటారు. అడ్డా మీది కూలీకి ముందు కొత్త ధరలు వస్తాయి, కూలి పెరగడం ఆ తర్వాత. 18వ శతాబ్దంలోనే రిచర్డ్ కాంటిలాన్ అనే ఆర్థికవేత్త ఈ సంగతి వివరించాడు.

2016 నుంచి చట్టం ప్రకారం రిజర్వ్ బ్యాంకుకు పెట్టిన లక్ష్యమే 4 శాతం ద్రవ్యోల్బణం, అటూ ఇటూ 2 శాతం సడలింపు. ధరలు సుమారు ఎన్నేళ్లలో రెట్టింపు అవుతాయో తెలియాలంటే 72ను ఆ శాతంతో భాగించాలి. 72ను 4తో భాగించండి, 18 వస్తుంది. అంటే లక్ష్యం ఏ లోటూ లేకుండా నెరవేరినా, ఈ రోజు పుట్టిన పాప ఇంజినీరింగ్‌లో చేరేనాటికి ధరలు రెట్టింపు అవుతాయి.

ఇప్పుడు ఎఫ్‌డీ లెక్క

లక్ష రూపాయలు, 6.5 శాతం వడ్డీ అనుకుందాం. ఏడాదికి 6,500. మీరు 20 శాతం పన్ను స్లాబులో ఉంటే సెస్సుతో కలిపి 1,352 పోతుంది. చేతికి 1,05,148 వస్తుంది. మీ ఇంటి 7 శాతం లెక్కన నిరుడు లక్షకు వచ్చిన సరుకు ఇప్పుడు 1,07,000. అంటే 1,852 రూపాయలు తక్కువ పడ్డాయి. పైగా పోయిన విలువకు 'ఆదాయం' పేరుతో పన్ను కూడా కట్టారు. నాకు కోపం తెప్పించేది ఇదే. పన్ను పడనివాళ్లకు ఈ లోటు 500 మాత్రమే.

పక్కనే చిట్టి పాటతో పోల్చండి

బ్యాంకు వడ్డీ చాలావరకు రెపో రేటు (బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు అప్పిచ్చే వడ్డీ రేటు) వెంట నడుస్తుంది. ఆ రేటును ఆరుగురు సభ్యుల కమిటీ నిర్ణయిస్తుంది. చిట్టిలో అలా కాదు. ఇరవై మంది కూర్చుని ఎవరి అవసరం ఎంతో పాట పాడతారు, డబ్బు ధర అక్కడే తేలుతుంది.

నెలకు 5,000 చొప్పున 20 నెలల లక్ష చిట్టి అనుకోండి. డివిడెండ్ (పాటలో తగ్గిన సొమ్ములో మీ వాటా) పోను మీరు మొత్తం 84,000 కట్టి, చివరి చిట్టి ఎత్తుకుంటే 5 శాతం కమిషన్ పోను 95,000 వచ్చింది. లాభం 11,000, అంటే 13 శాతం. "20 నెలలకు 13 అంటే ఏడాదికి 8 కూడా లేదు" అని చాలామంది కొట్టిపారేస్తారు. అది పొరపాటు. మొదటి కిస్తు 20 నెలలు ఉంది, చివరిది కొన్ని రోజులే. సగటున డబ్బు పది నెలలే ఉన్నట్టు. పది నెలలకు 13 శాతం అంటే ఏడాదికి 15 పైనే.

ఆ ఎక్కువ వడ్డీ నమ్మకానికి కట్టిన ధర. చిట్టికి బీమా లేదు. చిట్‌ఫండ్స్ చట్టం కింద రిజిస్ట్రార్ ఇచ్చిన అనుమతి, కమెన్స్‌మెంట్ సర్టిఫికెట్ కళ్లతో చూడకుండా మొదటి కిస్తు కట్టకండి.

బ్యాంకులో ఉంచే సొమ్ముకు హద్దు పెట్టుకోండి

బ్యాంకులు రిజర్వ్ బ్యాంకు దగ్గర నగదుగా ఉంచాల్సిన వాటాను సీఆర్‌ఆర్ అంటారు. 2025 నవంబరు చివరికి అది 3 శాతానికి దిగింది. డిపాజిట్లలో ప్రతి వందకు రిజర్వ్ బ్యాంకు దగ్గర ఉండాల్సింది 3 రూపాయలే. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకా. అదే బ్యాంకు రెండు బ్రాంచీల్లో వేసినా ఒకటిగానే లెక్క. అంతకు మించి ఉంటే వేరే బ్యాంకుకు మార్చండి. ఆరు నెలల ఖర్చుకు సరిపడా సొమ్ము మాత్రం, లోటు వచ్చినా సరే, ఎఫ్‌డీలోనే ఉండనివ్వండి. ఆస్పత్రి అవసరం చిట్టి పాట దాకా ఆగదు.

మెచ్యూరిటీకి వారం ముందు ఈ లెక్క మళ్లీ వేయండి. బాండ్ మీద ఆటో రెన్యూవల్ అని ఉంటే ముందే తీసేయించండి. లేకపోతే ఆ రోజు ఏ రేటు ఉంటే ఆ రేటుకే సొమ్ము మళ్లీ ఎఫ్‌డీలో పడిపోతుంది.